ఆటు వేళకు మోగే బడిగంట

పుస్తకాల సంచి లేని శనివారాలు వచ్చాయి. ఆ రోజు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి, ఏం చూడమనాలి? మడ అడవిలో ఒక సైన్సు శిబిరం రోజును దగ్గరగా చూస్తే జవాబు దొరుకుతుంది.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. జనవరి మంచు కాకినాడ దగ్గరి కోరంగి కాలువ మీద పలచగా పరుచుకుంది. చెక్కల వంతెన మీద ఏడో తరగతి పిల్లలు పాతికమంది ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. ముందు అటవీ శాఖ గైడు, వెనక సైన్సు మాస్టారు. రాత్రి పోటుకి నిండుగా ఉన్న కాలువ ఇప్పుడు ఆటుకి వెనక్కి తగ్గింది. రెండువైపులా నల్లటి బురద, ఆ బురదలోంచి పెన్సిళ్లు నిలబెట్టినట్టు వేలకొద్దీ వేళ్లు. రెండు జడల అమ్మాయి ఒకతి వంతెన అంచున ఆగి, చేతికందిన తెల్లమడ ఆకును కోయకుండానే, దాని మీది మంచు బొట్టును వేలితో తీసి నాలుకకు రాసుకుంది. కళ్లు పెద్దవయ్యాయి. "ఉప్పగా ఉంది సార్!" అని అరిచింది. మంచు నీళ్లు ఉప్పగా ఎందుకుంటాయి? పాతిక వేళ్లు పాతిక ఆకుల మీదికి వెళ్లాయి. గైడు గబగబా వెనక్కి వచ్చాడు. "అన్నిటినీ నాకొద్దర్రా! అదిగో, అది తిల్ల చెట్టు. దాని పాలు కంట్లో పడితే చూపే పోతుంది" అన్నాడు.

పొద్దు కాస్త ఎక్కాక అందరినీ పది నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోమన్నారు. పన్నెండేళ్ల పిల్లలకు పది నిమిషాల మౌనం చాలా పెద్ద పరీక్ష. ఆరో నిమిషంలో బురద కదిలింది. బొక్కల్లోంచి బొటనవేలంత పీతలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మగపీతలకు ఒక డెక్క చిన్నది, రెండోది ఒంటికి మించినంత పెద్దది. దాన్ని పైకెత్తి, దించి, ఎవరినో పిలుస్తున్నట్టు ఊపుతున్నాయి. రెండు జడల అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, దీనికి కుడిచెయ్యి పెద్దది, పక్కదానికి ఎడంచెయ్యి పెద్దది. ఎందుకలా?" మాస్టారు కాసేపు ఆలోచించి, "నాకూ తెలీదమ్మా. ముందు లెక్కపెట్టు. కుడిచేతివి ఎన్ని, ఎడంచేతివి ఎన్నో రాయి" అన్నారు. ఆ అమ్మాయి నోట్‌బుక్కులో నిలువుగా ఒక గీత గీసి, ఇటు 'కుడి' అనీ అటు 'ఎడమ' అనీ రాసుకుంది.

ఫలానా బడిలో ఫలానా తేదీన జరిగిన సంగతి కాదిది. మడ అడవిలో మంచి సైన్సు శిబిరం నడిచిన ప్రతిచోటా ఉదయం ఇంచుమించు ఇలాగే గడుస్తుంది. ఈ ఉదయాన్ని ఇంత వివరంగా చెప్పుకోవడానికి కారణముంది. ఆ గంటన్నరలో ఆ పిల్ల ఒక వింతను చూసింది, దాన్నుంచి ఒక ప్రశ్న తీసింది. అక్కడ పెద్దవాళ్ల దగ్గర కూడా దానికి జవాబు లేదని తెలుసుకుంది, జవాబు వెతికే దారిలో మొదటి అడుగు తనే వేసింది. సైన్సు అంటే ఈ నాలుగే. ఏడాది పొడవునా బడిలో ఈ నాలుగూ ఒకే పూట జరిగే రోజులు ఎన్ని ఉంటున్నాయన్నది మనందరం వేసుకోవలసిన ప్రశ్న.

సంచి దింపితే చాలా?

ఈ చర్చ ఇప్పుడెందుకంటే, సంచి లేని రోజుల మాట ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తోంది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు ఏడాదిలో 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా గడవాలనీ, ఆ రోజుల్లో వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలనీ చెప్పింది. దాని అమలుకు ఎన్‌సీఈఆర్‌టీ 2024 జులైలో మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసి 2025–26 విద్యా సంవత్సరం నుంచి శనివారాలను 'నో బ్యాగ్ డే'గా ప్రకటించింది. మంచి నిర్ణయం. అయితే సంచి దింపిన చేతుల్లో ఏం పెడుతున్నామన్నది ఇంకా తేలలేదు. చాలాచోట్ల ఆ శనివారం ముగ్గుల పోటీతోనో, క్విజ్‌తోనో, ఆటలతోనో గడుస్తోంది. అవీ కావలసినవే. కానీ సంచి బరువు గురించి మూడు దశాబ్దాల క్రితం జరిగిన చర్చ అసలు బరువు ఎక్కడుందో అప్పుడే చూపించింది. ప్రొఫెసర్ యశ్‌పాల్ నాయకత్వంలోని కమిటీ 1993లో 'భారం లేని చదువు' పేరుతో నివేదిక ఇచ్చింది. వీపు మీది సంచి కన్నా, అర్థం కాకపోయినా మోయవలసిన చదువే పిల్లలకు పెద్ద బరువన్నది దాని సారాంశం. ఆ లెక్కన చూస్తే సంచి ఇంట్లో పెట్టి వచ్చిన పిల్ల కూడా ఆ బరువు మోస్తూనే ఉంటుంది. అర్థం కావడానికి తావిచ్చిన రోజునే అది దిగుతుంది.

ప్రకృతి విషయంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి పాఠ్యాంశం చెయ్యాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. పాఠాలు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి. మడచెట్టు శ్వాసవేళ్లను ఏమంటారని అడిగితే 'న్యూమటోఫోర్లు' అని టక్కున చెప్పే పిల్లలు ఇప్పుడు లక్షల్లో ఉన్నారు. ఆ వేళ్లు ఆకాశం వైపు ఎందుకు పెరుగుతాయని మళ్లీ అడిగితే చాలామంది తడబడతారు. బురదలో చెయ్యి పెట్టి, దాని కుళ్లుగుడ్డు వాసన చూసిన పిల్లకు ఆ తడబాటు ఉండదు. ఊపిరాడని నేల అది, అందుకే వేరు గాలి కోసం పైకొచ్చిందని ఆమె ముక్కే ముందు చెబుతుంది. పుస్తకంలోని పేరు ఆ తర్వాత వస్తే, దాన్ని నిలుపుకోవడానికి ఆమె మనసులో అప్పటికే ఒక చోటు సిద్ధంగా ఉంటుంది.

బురద చెప్పే పాఠాలు

మళ్లీ మన అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమె రోజు ఇంకా మిగిలి ఉంది. ఉప్పు ఆకు సంగతి ముందు తేలింది. మడచెట్టు ఉప్పునీటిలో బతకాలి, లోపలికి వచ్చిన ఉప్పును ఎలాగోలా వదిలించుకోవాలి. తెల్లమడ దాన్ని ఆకుల మీది సన్నని గ్రంథుల ద్వారా బయటికి నెడుతుంది. ఎండలో ఆకు మీద తెల్లటి పలుకులుగా మెరిసేదీ, మంచులో కరిగి నాలుకకు తగిలిందీ ఆ ఉప్పే. ఉప్పుపొన్న పద్ధతి వేరు. అది చాలావరకు ఉప్పును వేళ్ల దగ్గరే ఆపేస్తుంది. ఒకే కష్టానికి రెండు చెట్లు రెండు ఉపాయాలు కనిపెట్టుకున్నాయన్న మాట. ఉప్పుపొన్న కొమ్మకు మునక్కాయల్లా వేలాడుతున్నవి కాయలు కావని, చెట్టు మీద ఉండగానే మొలకెత్తిన పిల్లమొక్కలని గైడు చెప్పినప్పుడు పిల్లల్లో కలకలం రేగింది. నేల మీద పడ్డ గింజను పోటు ఎత్తుకుపోతుంది, కాబట్టి చెట్టే మొలకను పెంచి, సిద్ధం చేసి వదులుతుంది. పిల్లను కొంత పెంచి, తన కాళ్ల మీద నిలబడగలదన్నాకే పంపే తల్లి సంగతి పన్నెండేళ్ల వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

రెండోరోజు ఉదయం ఇంకో సంగతి బయటపడుతుంది. నిన్న బురద తేలిన వేళకే వస్తే ఇవాళ ఇంకా నీళ్లున్నాయి. ఎంతసేపు ఆగాలి? గడియారం పెట్టుకుని చూస్తే ముప్పావుగంట దాటింది. ఆటుపోట్లు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి, ఎందుకంటే చందమామ కూడా రోజుకు సుమారు అంతే ఆలస్యంగా ఉదయిస్తాడు. ఈ వాక్యం భూగోళం పుస్తకంలో ఉంది. కానీ చలిలో వణుకుతూ బురద తేలడం కోసం ఎదురుచూసిన పిల్లకు ఆ 50 నిమిషాలు అంకె మాత్రమే కావు. ఆ రాత్రి శిబిరం బయట చాప మీద పడుకుని పిల్లలకోడి చుక్కల గుంపును గుర్తుపడుతూ, చంద్రుడు నిన్నటికన్నా ఎంత జరిగాడో వేళ్లతో కొలిచినప్పుడు, కాలి కింది బురదకూ నెత్తి మీది చంద్రుడికీ ముడి పడుతుంది. వేటకు వెళ్లే మత్స్యకారుడికి ఇదంతా తండ్రి దగ్గర నేర్చిన లెక్క. ఆ పిల్లల్లో కొందరి తండ్రులు ఆ పని చేసేవాళ్లే. ఇంట్లో ఉన్న ఆ లెక్క, బడిలో ఉన్న ఆ పాఠం ఒకటేనని చెప్పేవాళ్లు అంతవరకూ లేకపోయారు.

చరిత్ర కూడా ఆ బురదలోనే ఉంది. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు, ఓడలు కట్టిన ఊరు. 1789లో వచ్చిన భయంకరమైన తుపాను దాన్ని తుడిచిపెట్టింది. 1839 తుపాను తర్వాత ఆ రేవు మళ్లీ పూర్వస్థితికి రాలేదు. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు తుపానుల మీద పరిశోధన చేసి, వాటి సుడిని పాము చుట్టతో పోలుస్తూ 'సైక్లోన్' అన్న మాటను పుట్టించాడు. ఆయన చదివిన తుపానుల్లో 1789 కోరంగి తుపాను ఒకటి. ప్రపంచమంతా వాడే ఒక మాటకు మన తీరంతో ఇలాంటి చుట్టరికం ఉందని ఆ ఒడ్డున నిలబడి విన్న పిల్ల, తర్వాత వాతావరణ వార్తను అంత తేలిగ్గా వదిలెయ్యదు. 1996 నవంబరు తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన సంగతి కోనసీమ ఇళ్లలో నేటికీ చెప్పుకుంటారు. అలల ఉధృతికి మడ అడవి అడ్డంగా నిలుస్తుందన్న పాఠాన్ని ఆ ఇళ్ల పిల్లలకు చెప్పడానికి ఆ అడవి కన్నా మంచి చోటు లేదు.

---
కోరంగి సంగతులు

గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడకు దగ్గరలో ఉంది కోరంగి అభయారణ్యం. 1978లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న ఇక్కడి ముఖ్యమైన చెట్లలో కొన్ని. రాత్రిళ్లు చేపలు పట్టి తినే బావురుపిల్లి, గుంపులుగా ఈదే నీటికుక్క ఇక్కడి జంతువులు. కాకినాడ తీరానికి అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ ఇసుకలో చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి.

---

వీడియోలో అన్నీ ఉన్నాయి కదా?

చాలామంది తల్లిదండ్రులు మనసులో అనుకునే అభ్యంతరం ఇది. పీతలు డెక్కలు ఊపడం, మొలకలు బురదలో గుచ్చుకోవడం ఫోనులో ఇంకా దగ్గరగా, ఇంకా అందంగా కనిపిస్తాయి. చలీ లేదు, దోమలూ లేవు. మరి అంతదూరం ఎందుకు? ఈ ప్రశ్న కొట్టిపారెయ్యదగ్గది కాదు. మంచి డాక్యుమెంటరీ చూసి ప్రకృతి మీద ప్రేమ పెంచుకున్న పిల్లలు ఎందరో ఉన్నారు. కానీ వీడియోలో ఏది చూడాలో కెమెరా పట్టినవాళ్లు ముందే తేల్చేశారు. పీతను తెర నిండా చూపించినప్పుడు పిల్లకు మిగిలిన పని ఒప్పుకోవడమే. బురద ముందు కూర్చున్న పిల్లకు ఎవరూ ఏదీ ఎత్తి చూపించరు. నీడ, ఆకు, బుడగ, బొక్క, వాసన, కాకి, అన్నీ ఒక్కసారే ఎదురుగా ఉంటాయి. వాటిలో దేన్ని పట్టించుకోవాలో ఆమే తేల్చుకోవాలి. కుడి, ఎడమ అన్న తేడా ఆమె కంట్లో పడిందంటే, ఆ ఎంపిక ఆమెది. శాస్త్రవేత్త చేసే మొదటి పని కూడా అదే. ఇంకొకరు ఏరి పెట్టిన దృశ్యంతో ఈ శక్తి పెరగదు.

దీనికి ఇంకో వైపూ ఉంది. బ్రిటన్ పరిశోధకులు 2002లో పిల్లలకు రెండు రకాల బొమ్మలు చూపించి పేర్లు అడిగారు. ఒక రకం అక్కడి మామూలు జంతువులూ మొక్కలూ, రెండో రకం పోకెమాన్ కార్డుల మీది కల్పిత జీవులు. ఎనిమిదేళ్ల వయసుకే పిల్లలు కల్పిత జీవుల్లో దాదాపు 80 శాతాన్ని గుర్తుపట్టారు, సొంత ఊరి జీవుల్లో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే చెప్పగలిగారు. పిల్లలకు పేర్లు నేర్చుకునే శక్తి బోలెడంత ఉందని, దాన్ని ఎటు తిప్పాలన్నది పెద్దవాళ్ల చేతిలో ఉందని ఆ ఫలితం చెబుతోంది. మన ఊళ్లలో జెముడుకాకి, లకుముకిపిట్ట, పాలపిట్ట అనే పేర్లు నానమ్మల నాలుకల మీద ఉన్నాయి. మనవలు వాటిని చూస్తూ కూడా 'బర్డ్' అని ఒక్క మాటతో సరిపెడుతున్నారు. పేరు పోతే ఆ పిట్ట మందలో కలిసిపోతుంది. రేపు అది కనిపించకుండా పోయినా, పోయిందని చెప్పేవాళ్లు ఉండరు.

మార్కులు, చూపు, మాస్టారి భయం

ఒకరోజు బయట తిరిగితే ఒకరోజు సిలబస్ వెనకబడుతుందన్నది బళ్లలో వినిపించే మాట. పైకి లెక్క సరిగానే ఉంది. అయితే అమెరికాలో మూడో తరగతి పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనం 2018లో అచ్చయింది. చెట్ల మధ్య పాఠం జరిగాక తరగతిలో కూర్చున్న పిల్లలు తర్వాతి పాఠాన్ని ఎంత శ్రద్ధగా వింటున్నారో అందులో కొలిచారు. 'ఇటు చూడండి, మాటలాపండి' అని టీచరు పాఠం ఆపవలసి వచ్చిన సందర్భాలు దాదాపు సగానికి తగ్గాయి. అంటే బయట గడిపిన సమయంలో కొంత లోపల తిరిగి వస్తోంది. ఒక్క అధ్యయనంతో అన్నీ తేలిపోయాయని అనకూడదు. కానీ బయటికి వెళితే పిల్లలు చెదిరిపోతారని మనం నమ్ముతూ వచ్చినదానికి కూడా ఇంతకన్నా గట్టి ఆధారమేమీ లేదు.

---
ఎండలో 40 నిమిషాలు, కళ్లకు మేలు

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బళ్లలో పరిశోధకులు మూడేళ్ల ప్రయోగం చేశారు. సగం బళ్లలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ ఇచ్చారు. మూడేళ్ల తర్వాత మామూలు బళ్లలో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి కొత్తగా వస్తే, బయట గడిపినవాళ్లలో 30.4 శాతానికే వచ్చింది. ఫలితాలు 2015లో వెలువడ్డాయి.

---

అంతకన్నా పెద్ద అడ్డు మాస్టారి మనసులో ఉంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. తరగతి గదిలో పుస్తకం టీచరు వైపు ఉంటుంది. బురద ఎవరి వైపూ ఉండదు. పిల్ల ఏం అడుగుతుందో తెలియదు, అడిగినదానికి జవాబు తెలియకపోతే పరువు పోతుందన్న భయం. ఏళ్ల తరబడి జవాబులు చెప్పడమే టీచరు పని అని నమ్మించిన వ్యవస్థ పెట్టిన భయమిది, ఆ టీచర్లను తప్పుపట్టి లాభం లేదు. ఈ భయానికి మందు మన దేశంలోనే ఒకసారి దొరికింది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు 16 పల్లెటూరి బళ్లలో ఒక సైన్సు కార్యక్రమం మొదలుపెట్టాయి. చవక సామగ్రితో పిల్లలే ప్రయోగం చెయ్యాలి, పొలాలకూ కాలవలకూ వెళ్లి చూడాలి, చూసింది రాసుకోవాలి. పెద్ద పరిశోధనా సంస్థల శాస్త్రవేత్తలు సెలవుల్లో వచ్చి పల్లెటూరి టీచర్లతో కలిసి కూర్చుని, తమకూ తెలియని ప్రశ్నలు ఉంటాయని వాళ్ల ముందే ఒప్పుకున్నారు. తర్వాత ఏకలవ్య సంస్థ ఆ పని అందుకుంది. పిల్లలు తేలని ప్రశ్నల్ని 'సవాలీరామ్' అనే ఊహాజీవికి కార్డు ముక్క మీద రాసి పంపేవారు, జవాబు వచ్చేది. పుస్తకం తెరిచి చూసుకుంటూ రాసే పరీక్ష పెట్టారు, చేతులతో చేసి చూపే పరీక్ష కూడా పెట్టారు.

ముప్పై ఏళ్లు నడిచిన ఆ కార్యక్రమం 2002లో ప్రభుత్వ నిర్ణయంతో ఆగిపోయింది. ఈ ముగింపును దాచి, మొదటి భాగం మాత్రమే చెప్పుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. మంచి పద్ధతి అయినంత మాత్రాన అది నిలవదు. కొద్ది బళ్లు ఒక దారిలో, రాష్ట్రమంతా ఇంకో దారిలో నడిచినప్పుడు, మా పిల్లలే వెనకబడతారేమోనన్న తల్లిదండ్రుల భయం గెలుస్తుంది. కాబట్టి శిబిరాన్ని పరీక్షతో కలపకుండా వేరే గదిలో పెట్టినంతకాలం అది పండగలాగే వచ్చిపోతుంది. పదో తరగతి జీవశాస్త్రం పేపరులో ఒక్క ప్రశ్న, 'నీ ఊళ్లో ఏడాదిపాటు నువ్వు గమనించిన ఒక చెట్టు గురించి నీ నోట్‌బుక్కు చూసి రాయి' అని వస్తే చాలు. ఆ ఏడాది రాష్ట్రంలోని ప్రతి ఇల్లూ పిల్లకు ఒక చెట్టు వెతికిపెడుతుంది. మన ఇళ్లలో మార్కులకున్న బలం అంతటిది. దాన్ని తిట్టుకునే బదులు ఈ పనికి వాడుకోవడం మేలు.

ఏటి సంగతి తెలిసినవాళ్లు

భద్రత గురించి మాట్లాడినప్పుడు తెలుగువాళ్లందరికీ గుర్తొచ్చే తేదీ ఒకటుంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైనున్న ఆనకట్ట నుంచి హఠాత్తుగా నీళ్లు వదిలారు. రాళ్ల మీద నిలబడ్డ పిల్లలకు ఏరు పెరుగుతుందని తెలియదు. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ వాదనా నిలవదు. పిల్లను శిబిరానికి పంపనన్న తల్లి మొండితనం వెనక ఆ వార్త ఉందంటే, ఆమెను ఒప్పించవలసిన బాధ్యత నిర్వాహకులదే. అయితే దానికి సరిగ్గా రెండు వారాల ముందు, అదే ఏడాది మే 25న, తెలంగాణ ప్రాంతపు సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె మొదట నేర్చుకున్నది భువనగిరి బండ మీద, తాడు కట్టుకుని, నేర్పేవాళ్ల కళ్ల ముందు. ఏటి రాళ్ల కన్నా ఎవరెస్టు ఎన్నో రెట్లు ప్రమాదకరం. తేడా అంతా ఆ చోటు తెలిసిన మనిషి పక్కన ఉండటంలో ఉంది, నెలల తరబడి సాగిన శిక్షణలో ఉంది.

అందువల్ల 'బయటికి పంపాలా వద్దా' అన్న చోట ఆగిపోతే ప్రయోజనం లేదు. ఎవరితో పంపుతున్నాం, ఎంతమందికి ఒక పెద్ద దిక్కు, ఆ నీళ్ల సంగతి తెలిసిన స్థానికుడు ఉన్నాడా, దగ్గరి ఆస్పత్రి ఎంతదూరం, ఇవి అడగాలి. అడిగినదానికి రాతపూర్వకంగా జవాబివ్వని శిబిరానికి పిల్లను పంపనక్కర్లేదు. ఆడపిల్లల విషయంలో ఇంకో మాట కూడా చెప్పాలి. మరుగుదొడ్డి, బట్ట మార్చుకునే చోటు, వెంట ఒక టీచరమ్మ లేకపోతే మొదట ఆగిపోయేది ఆడపిల్లలే, అదీ కారణం ఎవరికీ చెప్పకుండా. మన కథలోని రెండు జడల అమ్మాయి ఆ వంతెన మీద ఉందంటే, ముందురోజు ఎవరో ఈ ఏర్పాట్లన్నీ చూసుకున్నారన్నమాట.

ఎవరి పిల్లలకు?

ఇప్పుడున్న శిబిరాల్లో చాలావాటికి ఒక లోపం ఉంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 'ఇన్‌స్పైర్' పథకం కింద ఇంటర్ పిల్లలకు జరిపే ఐదురోజుల శిబిరాలకు ఎంపిక, పదో తరగతి బోర్డు పరీక్షలో పైనున్న ఒక శాతం మంది నుంచి. తొమ్మిదో తరగతి వాళ్ల కోసం 2019లో ఇస్రో మొదలుపెట్టిన 'యువికా'కూ ఎంపిక తప్పదు. ప్రతిభను వెన్నుతట్టడం అవసరమే, ఈ పథకాలు ఎందరికో దారి చూపాయి. ప్రైవేటు శిబిరాలు ఫీజు కట్టగలిగినవాళ్లకు. ఇక మిగిలినవాళ్ల సంగతేమిటి? మార్కులు రాని పిల్లకే నిజానికి శిబిరం ఎక్కువ అవసరం, ఎందుకంటే ఆమె తెలివి ఏ పరీక్షకూ కనిపించని చోట ఉండవచ్చు. 1993 నుంచి దేశమంతటా నడుస్తున్న బాలల సైన్స్ కాంగ్రెస్ ఈ విషయంలో మెరుగు. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలెవరైనా జట్టుగా చేరి తమ ఊరి సమస్య మీదే పరిశోధన చెయ్యవచ్చు. తెలుగునాట జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రికతోనూ సైన్సు సంబరాలతోనూ ప్రభుత్వ బడి పిల్లల దాకా వెళ్లింది.

పేదపిల్లకు ప్రకృతి గురించి మనం నేర్పాలనుకోవడం కూడా సగమే నిజం. కలివికోడి కథ గుర్తుచేసుకోవాలి. 1848లో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్ వెలుగులోకి తెచ్చిన ఈ పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ బృందం చేతికి అది మళ్లీ దొరికింది. దాన్ని చూపించింది రాత్రిపూట అడవి తిరగడం తెలిసిన స్థానికుడే. కలివి పొదల చాటున తిరిగే పిట్టకు 'కలివికోడి' అని పేరు పెట్టుకున్న జనానికి, అది ఎక్కడ ఉంటుందో ఆ పేరులోనే తెలుసు. పుస్తకాలు 86 ఏళ్లు పోగొట్టుకున్న పిట్టను ఊరు పోగొట్టుకోలేదు. గొర్రెలు కాసే ఇంటి పిల్ల, వల వేసే ఇంటి పిల్ల శిబిరంలో వెనక వరసలో కూర్చోకూడదు. ఆ పూట పాఠం చెప్పవలసినవాళ్లలో ఆమె నాన్న ఒకరు. విద్యా విధానం స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోమన్న మాటకు ఇంతకన్నా మంచి అర్థం ఉండదు.

డబ్బు మాట కూడా ఇక్కడే తేలుతుంది. కోరంగి దాకా బస్సు కట్టించుకోలేని బడికి ఊరి చెరువుగట్టు ఉంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ విషయమే చూడండి. కరువు నేల మీద ఏళ్ల తరబడి చెట్లు పెంచి, నీళ్లు నిలిపి, పిట్టల్ని గమనించి, 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ చోటుగా ప్రకటించుకున్నారు. ఆ బడికున్న వనరులు అందరికీ ఉండవన్న మాట నిజం. కానీ అక్కడ ఫలించిన పనిలో ఎక్కువ భాగానికి డబ్బు అక్కర్లేదు. అదే చోటును మళ్లీ మళ్లీ చూడాలి, తేదీ వేసి రాసుకోవాలి. బడి ముందున్న కానుగ ఎప్పుడు ఆకు రాల్చింది, ఎప్పుడు పూసింది అని వారం వారం రాయడానికి ఒక నోట్‌బుక్కు చాలు. 'సీజన్ వాచ్' అనే కార్యక్రమం 2010 నుంచి పిల్లలు రాసే ఇలాంటి లెక్కల్నే దేశమంతటి నుంచి సేకరించి శాస్త్రవేత్తలకు అందిస్తోంది.

ఇంతమంది పిల్లలు వచ్చి పడితే అడవి ఏమవుతుందన్నది చివరి అభ్యంతరం, అది అడవి పక్షాన వచ్చింది కాబట్టి గౌరవించాలి. రెండొందల మంది అరుచుకుంటూ చిప్స్ పొట్లాలతో వచ్చే యాత్రను ఏ అభయారణ్యమూ రానివ్వకూడదు. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మీద రాత్రి టార్చిలైట్లు వెయ్యకూడదు. పాతికమంది చొప్పున, కోయకుండా, ఏరకుండా, పది నిమిషాలు మౌనంగా కూర్చోగలిగిన జట్లే రావాలి. మౌనంగా ఉంటేనే పీత బయటికొస్తుందని ఒకసారి చూసిన పిల్లకు ఆ నియమం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పీతల లెక్క సంగతి. ఇలాంటి పీతల్లో చాలా జాతుల్లో లెక్కపెడితే కుడిచేతివి, ఎడంచేతివి ఇంచుమించు చెరిసగం తేలతాయి. పిల్లపీతకు మొదట రెండు డెక్కలూ ఒకేలా ఉంటాయని, ఒకటి ఊడిపోతే మిగిలింది పెద్దదవుతుందని కొన్ని జాతుల్లో పరిశోధకులు గమనించారు. మన అమ్మాయికి ఆ జవాబు రేపో మాపో ఏదో పుస్తకంలో దొరుకుతుంది. దానికి ముందు ఆమె ఇంకో పది రోజులు లెక్కపెట్టాలి, అందుకు ఆమె మళ్లీ ఆ వంతెన దగ్గరికి రావాలి. ఇక్కడ ఒక చిన్న చిక్కుంది, దాన్ని పెద్దవాళ్లే విప్పాలి. ఆటు రోజుకు 50 నిమిషాలు జరుగుతుంది కాబట్టి, ఈ శనివారం ఉదయం ఆరింటికి బురద తేలితే వచ్చే శనివారం అదే వేళకు పోటు నిండుగా ఉంటుంది. తొమ్మిదింటికి గంట కొట్టి, నాలుగింటికి వదిలే టైమ్‌టేబుల్‌కు ఆ బురద ప్రతి వారమూ దొరకదు. ఏ శనివారం బడి ఎన్నింటికి మొదలుపెట్టాలో, పిల్లల్ని ఎన్నింటికి ఇంటికి పంపాలో ఆటుపోట్ల పట్టిక చూసి నిర్ణయించుకునే అధికారం తీరం వెంబడి బళ్ల హెడ్మాస్టర్లకు ఇప్పటికీ రావలసే ఉంది. దానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పథకం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.